రోగికి టమాట సూప్ – తయారీ, జాగ్రత్తలు

జ్వరం తగ్గి నోరు చేదుగా ఉన్నవారికి, అన్నం సహించనివారికి వేడి టమాట సూప్ హితవుగా ఉంటుంది. వార్డుకు వచ్చే బంధువులు ఫ్లాస్కులో తెచ్చేది చాలాసార్లు ఇదే. అయితే "సూప్ తాగించాము, ఇక బలం వస్తుంది" అని కొందరు ఆ పూట మరే ఆహారమూ పెట్టరు. దీనివల్ల రోగి కోలుకోవడం ఆలస్యమవుతుంది.

సూప్‌లో ఏమున్నది?

100 గ్రాముల టమాటలో 90 గ్రాములకు పైగా నీరే. శక్తి సుమారు 20 కేలరీలు, మాంసకృత్తులు 1 గ్రాము లోపే. 55 కిలోల బరువున్న స్త్రీకి రోజుకు సుమారు 46 గ్రాముల మాంసకృత్తులు కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో తెలిపింది. పుండు మానడానికి, ఆపరేషన్ కుట్లు అతకడానికి ఇంకా ఎక్కువే కావాలి. సూప్ వల్ల శరీరానికి నీరు, కొంత విటమిన్ సి అందుతాయి, ఆకలి పుడుతుంది. టమాటకు ఎరుపునిచ్చే లైకోపీన్, కొద్ది నూనెతో ఉడికిస్తే ఒంటికి బాగా పడుతుంది. అందుకే సూప్‌లో పప్పు, నూనె చేర్చి చేసుకోవాలి.

కావలసినవి (ఇద్దరికి)

బాగా పండిన టమాటలు 4, పెసరపప్పు 2 పెద్ద చెంచాలు, చిన్న ఉల్లిగడ్డ 1, ఎల్లిగడ్డ రెబ్బలు 2, చిన్న అల్లం ముక్క, నూనె లేదా నెయ్యి 1 చిన్న చెంచా, జీలకర్ర, మిరియాల పొడి కొద్దిగా, ఉప్పు పావు చిన్న చెంచా, నీళ్లు 3 గ్లాసులు. అల్లం మన జహీరాబాద్ ప్రాంతంలోనే పండుతుంది, తాజాది దొరుకుతుంది.

చేసే విధానం

1. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. టమాటలను రెండుసార్లు కడగాలి. కుళ్లినవి, బూజు పట్టినవి పారవేయాలి.
2. పప్పు, టమాటలు, ఉల్లిగడ్డ, అల్లం, ఎల్లిగడ్డలను నీళ్లతో స్టీలు గిన్నెలో వేసి, కుక్కర్‌లో పెట్టి 3 కూతలు రానివ్వాలి. టమాట పులుపు అల్యూమినియంతో కలుస్తుంది కనుక స్టీలు గిన్నె మంచిది.
3. పప్పుగుత్తితో మెత్తగా మెదిపి జల్లెడలో వడకట్టాలి. పప్పు గుజ్జును గరిటెతో నొక్కి దింపాలి, పారవేయకూడదు.
4. నూనెలో జీలకర్ర వేయించి, సూప్ పోసి, ఉప్పు, మిరియాల పొడి వేసి 5 నిమిషాలు మరిగించాలి.

పప్పే చిక్కదనం ఇస్తుంది కాబట్టి కార్న్‌ఫ్లోర్ అక్కరలేదు. ఈ సూప్ తాగిన తరువాత మెత్తని జొన్న రొట్టె, కిచిడీ లేదా ఉడికించిన గుడ్డు తప్పక పెట్టండి.

ఎవరు జాగ్రత్తపడాలి?

• మూత్రపిండాల జబ్బు, డయాలసిస్ ఉన్నవారు: టమాటలో పొటాషియం ఉంటుంది. డాక్టరును అడగకుండా తాగకూడదు.
• బి.పి., గుండె జబ్బు ఉన్నవారు: రోజు మొత్తంలో ఉప్పు 5 గ్రాములకు మించరాదు. ప్యాకెట్ సూప్‌లలో ఉప్పు ఎక్కువ, వాటిని మానండి.
• ఛాతీలో మంట, పులితేన్పులు ఉన్నవారు: టమాటలు తగ్గించి సొరకాయ కలుపుకోవాలి.
• పక్షవాతం వచ్చినవారు: పలుచని సూప్ ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. సిస్టర్ చెప్పేవరకు నోటిలో ఏమీ పోయవద్దు. ఏ రోగికైనా పడుకోబెట్టి తాగించవద్దు.
• ఆపరేషన్‌కు ముందు, తరువాత: డాక్టరు అనుమతి లేనిదే గుక్కెడు కూడా ఇవ్వరాదు.
• 6 నెలల లోపు శిశువులు: తల్లిపాలు మాత్రమే.

డెంగ్యూలో సూప్ వల్ల ప్లేట్‌లెట్లు పెరగవు. విరేచనాలకు ఓ.ఆర్.ఎస్. ద్రావణమే ముందు ఇవ్వాలి.

వార్డుకు తెచ్చేవారికి

ఫ్లాస్కును, మూతను మరిగే నీటితో కడగండి. వండిన రెండు గంటలలోపు తాగించండి. మిగిలినది పొద్దున వరకు బయట ఉంచవద్దు. మీ రోగికి ఏది పెట్టవచ్చో తెలియకపోతే, ఇంట్లో పొయ్యి వెలిగించే ముందే వార్డు సిస్టర్‌ను అడగండి.