ఇంగ్లీషు కాగితములో చిన్న మాటలు

హైదరాబాదులో నల్లకుంట దాటి తార్నాక వైపు పోవు త్రోవలో ఉస్మానియా విశ్వవిద్యాలయము, దానిని ఆనుకొని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయము ఉన్నవి. ఈ రెండవది 1958లో కేంద్ర ఇంగ్లీషు సంస్థ అను పేరుతో ఉపాధ్యాయుల శిక్షణకై వెలసినది, 2007లో విశ్వవిద్యాలయమైనది. అక్కడి పండితులు చర్చించు మాటలే గ్రామములో పంచాయతీ సభ్యునికిని ఎదురగుచుండును. తెలుగును అధికార భాషగా చేయు చట్టము 1966లో వచ్చినది, నిజమే. కాని రాజ్యాంగము 348వ అధికరణము ప్రకారము రాష్ట్రము తెలుగులో చట్టము చేసినను, గెజిట్టులో వెలువడు ఇంగ్లీషు అనువాదమే ప్రామాణిక పాఠము.

అందుచే 'షల్', 'మే' అను రెండు చిన్న మాటలను మొదట గుర్తింపుడని మా మనవి. 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణలో, పంచాయతీ గడువు ముగియకముందే ఎన్నిక పూర్తి కావలెనని చెప్పుచోట 'షల్' అని ఉన్నది. అనగా తప్పనిసరి. పంచాయతీలకు అధికారములిచ్చు 243-జి అధికరణములోనో, శాసనసభకు 'మే' అని వ్రాసియున్నది. అనగా ఇయ్యవచ్చును. పదకొండవ షెడ్యూలులో 29 విషయములు పేర్కొనబడినను, వానిలో ఎన్ని, ఎంతమేరకు పంచాయతీకి దక్కుననునది రాష్ట్ర చట్టముపై ఆధారపడుటకు ఈ ఒక్క మాటయే కారణము. "మా 29 అధికారములేవి?" అని అడుగదలచిన సభ్యులు ముందుగా తమ రాష్ట్ర చట్టమును తెప్పించుకొని చదువవలెను. సందర్భమును బట్టి న్యాయస్థానములు 'మే'ను సైతము తప్పనిసరిగా గ్రహించుట కలదు. ఆ చర్చను న్యాయవాదులకు విడుతము.

నిత్య వ్యవహారములో చిక్కు తెచ్చునవి వేరు. కుళాయి పైపుల పని 'బై మార్చి 31' అన్నచో ఆ తేదీలోగా ముగియవలెను. 'టిల్ మార్చి 31' అన్నచో అంతవరకు సాగును. ముగియునన్న హామీ అందులో లేదు. 'శాంక్షన్డ్' అనగా మంజూరు, 'రిలీజ్డ్' అనగా విడుదల. మొదటి మాటను చూచి మేస్త్రీకి బయానా ఇచ్చుట తొందరపాటు.

ఇక మీరు వ్రాయు అర్జీ సంగతి. 'అవర్ రోడ్ ఈజ్ వెరీ బ్యాడ్' అని వ్రాసిన ఇంజనీరుగారికి ఏమి బోధపడును? ఏ రోడ్డు, ఎచ్చట, ఏమైనది? 'ద కల్వర్ట్ ఆన్ ద స్కూల్ రోడ్ హ్యాజ్ కొలాప్స్‌డ్. ట్రాక్టర్స్ కెనాట్ క్రాస్' అని వ్రాయుడు. 'వెరీ' కొట్టివేసి ఆ చోట కూలిన భాగపు కొలతను వేయుడు. తూమును మరల కట్టవలసియున్నచో 'రిపేర్' అనక 'రీబిల్డ్' అనుడు. రిపేరు కోరినచో రెండు బస్తాల సిమెంటు పూతతో పని అయినదనిపించవచ్చును.