నిత్యపూజకు పెరటి పూలు: దుంపజాతుల ఎంపిక

అంగడిలో కొన్న మూర పూలకంటె పెరటిలో పూచిన నాలుగు పూలను స్వయంగా కోసి స్వామికి సమర్పించడంలో గృహస్థుకు తృప్తి మెండు. భగవద్రామానుజుల ఆజ్ఞను శిరసావహించి తిరుమల చేరి, పూదోట పెంచి, పుష్పకైంకర్యం సాగించిన అనంతాళ్వారు ఈ సేవకు మనకు మార్గదర్శి. నేడు అందరికీ పెరడు లేదు. అద్దె యింటి మిద్దెపై నాలుగైదు కుండీలకే చోటున్నవారికి దుంపజాతి మొక్కలు ఎంతో అనుకూలం. ఇల్లు మారవలసి వస్తే దుంపలను సంచిలో వేసుకొని పోవచ్చును.

వీటిని ఎన్నుకొనేవారు ముందుగా తెలుసుకోవలసినది వాటి నిద్రను గురించి. దుంప తనకు కావలసిన ఆహారాన్ని తనలోనే దాచుకొని, ఋతువు రాగానే పూచి, పిదప ఆకులు వాడ్చుకొని మట్టిలో విశ్రమిస్తుంది. ఒకటి నిద్రించే వేళకు మరొకటి మేల్కొనేటట్లు కూర్చుకొంటే పూజపళ్లెం వెలితిపడదు.

మన నేలకు అగ్రపూజ లిల్లీకే చెల్లుతుంది. నేలసంపెంగ అని కూడా పిలిచే ఈ పువ్వు మెక్సికో దేశం నుండి వచ్చినా, నేడు అది లేని దేవాలయ మాల అరుదు. ముద్ద రకం చూపులకు నిండుగా ఉంటుంది గాని, పరిమళం ఒంటిరేకు రకానిదే. మాల కట్టడానికీ అదే శ్రేష్ఠం. బెంగళూరు భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన ప్రజ్వల్, శృంగార్ ఒంటిరేకు రకాలే. రెండు, మూడు సెంటీమీటర్ల మందం గల గట్టి దుంపలను ఏరి, ఎండ బాగా తగిలే చోట, నీరు నిలువని మట్టిలో రెండంగుళాల లోతున నాటాలి. సుమారు మూడు నెలలకు తొలి వెన్ను వస్తుంది. ఆషాఢం నుండి కార్తికం వరకు పూత జోరుగా ఉండి, చలిలో సన్నగిల్లుతుంది. అన్ని దుంపలనూ ఒకేసారి నాటక నెల ఎడంతో నాటితే పూలు విడతలుగా అందుతాయి.

ధనుర్మాసంలో లోటు తీర్చేవి గ్లాడియోలస్, డాలియా. ఆశ్వయుజంలో నాటితే చలికాలంలో పూస్తాయి. కోస్తా ఉక్కలో వీటి దుంపలను మరుసటి యేటికి కుళ్లకుండా నిలుపుకోవడం కష్టం. ఏటేటా కొత్తవి కొనడమే మేలు. వేసవి మొదట్లో మెట్టతామర ఆదుకొంటుంది. నీరుంటే అది దాదాపు ఏడాదంతా పూస్తుంది. పూసిన కాండాన్ని మొదలంటా కోస్తే కొత్త పిలకలు వస్తాయి. వైశాఖ జ్యేష్ఠాలలో ఎర్రని బంతివలె మే పుష్పం విచ్చుకొంటుంది. తొలకరి పడిన కొద్ది రోజులకే వాన లిల్లీలు తెలుపు, గులాబీ రంగులలో కుండీ నింపుతాయి. చిత్రపటాలలోని తులిప్‌లకు మాత్రం ఆశపడవద్దు. వారాల తరబడి గట్టి చలి తగలనిదే అవి సరిగా పూయవు.

రంగు ఉన్నంత మాత్రాన ప్రతి పువ్వూ అర్చనకు తగదు. సువాసన లేని పూలను కొన్ని సంప్రదాయాలలో పూజకు వాడరు. గ్లాడియోలస్, మెట్టతామర వంటివాటిని మందిరాలంకరణకు ఉంచి, అర్చన విషయంలో ఇంటి పెద్దలనో పురోహితులనో అడగడం మంచిది.

వాన లిల్లీ దుంప అచ్చం చిన్న ఉల్లిగడ్డవలె ఉంటుంది, అది విషం. మే పుష్పం దుంపా అంతే. తవ్విన దుంపలను వంటింటి దరికి రానీయక, పేరు వ్రాసిన సంచిలో పిల్లలకు అందని చోట ఉంచాలి.

పూత ముగిసినా ఆకులు పచ్చగా ఉన్నన్నాళ్లు కోయరాదు. మరుసటి యేటి పువ్వుకు బలం కూడేది అప్పుడే. ఆకులు పండి ఎండిన తరువాత నీరు తగ్గించాలి. మా యింట ఒక చలికాలం మే పుష్పం కుండీ ఖాళీగా ఉన్నదని మట్టిని గోడ వారగా పారబోశారు. వేసవిలో అది ఆ గోడ వారనే పూచింది! అప్పటినుండి నిద్రించే కుండీలన్నిటి మీదా సుద్దతో పేరు, పూచే నెల వ్రాసి ఉంచుతున్నాము.