కొల్లేటిలో గట్లు

కొల్లేటి అంచున నిలబడి చూసేవారికి చేపల చెరువుకీ సరస్సుకీ పెద్ద తేడా కనిపించదు. రెండూ నీళ్లే, రెండింటా చేపలే. తేడా గట్టుతో మొదలవుతుంది.

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న పల్లం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే వరద అక్కడ పరుచుకుని, ఉప్పుటేరు మీదుగా నిదానంగా సముద్రంలో కలుస్తుంది. వాగులు గంటల్లో మోసుకొచ్చిన నీటిని దించడానికి ఉప్పుటేటికి రోజులు పడుతుంది. అందాకా ఆ నీరు ఆగే చోటే కొల్లేరు. గట్లు వేసి ఆ చోటు తగ్గిస్తే వరద ఎగువ ఊళ్ల మీదికి ఎగదన్నుతుంది. వేసవిలో సరస్సు మట్టం పడిపోయినప్పుడు సముద్రపు ఉప్పునీరు అదే ఏటి గుండా లోపలికి ఎక్కుతుంది.

సరస్సు చేసే మరో పని కంటికి కనిపించదు. పొలాల మురుగుతో వచ్చే నత్రజనిని తుంగ, జమ్ము పీల్చుకుంటాయి. మిగిలినదాన్ని అడుగు బురదలో, ప్రాణవాయువు అందని చోట బతికే బాక్టీరియా వాయువుగా మార్చి గాలిలోకి పంపేస్తుంది. చెరువులో ఇందుకు విరుద్ధంగా జరుగుతుంది. మేతగా వేసిన తవుడులో చేప తినక వదిలిందీ, తిని విసర్జించిందీ కుళ్లి అమ్మోనియా అవుతుంది. దానితో నాచు బలుస్తుంది. పగలు ప్రాణవాయువు ఇచ్చే ఆ నాచే రాత్రంతా దాన్ని పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారుజామున బొచ్చె, శీలావతి పైకి తేలి నోళ్లు తెరుస్తాయి, రైతు పరుగున వెళ్లి ఏరేటర్లు వేస్తాడు. ఆ నీటిని సరస్సులోకి వదిలితే గుర్రపుడెక్క అల్లుకుంటుంది, పారుదల ఇంకా మందగిస్తుంది.

చేపల సాగే వద్దని నేను అనను. పట్టుబడి రోజున వల లాగేవారి నుంచి లారీ డ్రైవరు దాకా ఎన్నో ఇళ్లకు అదే కూలి. కానీ సముద్ర మట్టానికి 5 అడుగుల ఎత్తు వరకూ, అంటే అయిదో కాంటూరు దాకా, 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో లోపలి గట్లను పగలగొట్టారు. చాలాచోట్ల మళ్లీ లేచాయి. కూల్చిన చెరువుకు బదులు వేరే ఆధారం చూపకపోతే లేవక మానవు.

అయిదో కాంటూరు లోపల ఒక్క గట్టూ ఉండకూడదు. వెలుపలి చెరువులు వాడిన నీటిని తుంగ మడుల్లో వడకట్టి వదలాలి. అభయారణ్యంలో సంప్రదాయ వేటకు అనుమతి ఉంది కాబట్టి, కొర్రమీను, మట్టగిడసల మీద మొదటి హక్కు లంక గ్రామాలదే కావాలి. కొల్లేటి ఒడ్డున ఆటపాకలో పెలికాన్లను చూడవచ్చే యాత్రికుల ఆదాయంలోనూ వారికి వాటా ఇవ్వాలి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచింది. ఆ నీరు చివరికి చేరాల్సింది కొల్లేటికే.