రాత్రిపూట పిక్కలు పట్టేస్తున్నాయా?

"సిస్టరమ్మా, రాత్రి పిక్క పట్టేసి ప్రాణం పోయినంత పనైంది" అని ఓ.పి.కి వచ్చే పెద్దవారు తరచు మాతో చెబుతుంటారు. వయసు పైబడినవారిలో, గర్భిణీ స్త్రీలలో ఇది ఎక్కువ. చాలామందికి దీనివల్ల ప్రమాదమేమీ లేదు.

పట్టేసినప్పుడు: కాలు చాచి, పాదం వేళ్ళను చేతితో మీవైపు లాగి పట్టుకోండి. బిగువు వదిలాక మెల్లగా మర్దన చేయండి.

రాకుండా ఉండాలంటే: పడుకునే ముందు గోడకు చేతులు ఆనించి, మడమలు లేపకుండా ముందుకు వంగి 10 సెకన్లు ఉండండి. ఇలా 3 సార్లు చేయండి. 2012లో నెదర్లాండ్స్‌లో జరిగిన పరిశీలనలో, 6 వారాలపాటు రోజూ రాత్రి పిక్కలను, తొడ వెనుక కండరాలను ఇలా సాగదీసిన పెద్దవారికి బాధ తగ్గింది.

షుగరు ఉన్నవారికి ముఖ్య గమనిక: వేడి ఇటుకతో కాపడం పెట్టుకోవద్దు. పాదాలకు స్పర్శ తగ్గినవారికి కాలినా తెలియదు. ఆ పుండు మానక చివరకు వేలు తీయవలసిన పరిస్థితి రావచ్చు.

క్వినైన్ మాత్రలు సొంతంగా కొని వాడకండి. గుండెకు, రక్తానికి ముప్పు ఉందని 2006లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. కొన్ని బి.పి. మాత్రల వల్ల కూడా పిక్కలు పట్టేయవచ్చు. అలాగని మీరే మానేయకుండా, మందుల చీటీ తెచ్చి డాక్టరు గారికి చూపించండి.

ఒక్క కాలే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే అది రక్తం గడ్డ కావచ్చు. వెంటనే ఆసుపత్రికి రండి. రాత్రి అయినా సంకోచించవద్దు.

ప్రభువు మీకు సుఖనిద్ర దయచేయును గాక.