ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం

మన బళ్ళారి వైపు ఇళ్ళలో ఒక మాట తరచు వినబడుతుంది. "బిడ్డకు రెండేళ్ళు నిండినా మాట రాలేదు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. పాపం, తికమక పడుతున్నాడు. ఏదో ఒక భాషే మాట్లాడండి" అంటారు. ఒకప్పుడు అలా చెప్పినవారిలో నేనూ ఉన్నాను.

బిడ్డకు మాట నోటితో కాదు, చెవితో మొదలవుతుంది. తల్లి కడుపులో చివరి నెలల్లోనే ఆమె గొంతు వింటుంది. జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే పరిశోధకులు కెనడాలో ఇంగ్లీషు మాట్లాడే ఇళ్ళ పసిబిడ్డలకు హిందీలోని ట, త ధ్వనులు వినిపించి, ఫలితాలను 1984లో ప్రకటించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల బిడ్డల్లో చాలామంది ఆ తేడా పట్టారు. పది నెలలు దాటినవారిలో పట్టినవారు బహు కొద్దిమంది. రోజూ చెవిన పడని ధ్వనిని మెదడు అంత త్వరగా పక్కన పెడుతుందన్నమాట. మన పిల్లలకు ఆ బెంగ లేదు. ట, త రెండు భాషల్లోనూ ఉన్నాయి!

ఏడాది ప్రాంతంలో ఒకటి రెండు మాటలు, రెండేళ్ళకు జంటమాటలు వస్తాయి. లెక్కపెట్టేటప్పుడు రెండు భాషల మాటలూ కలిపి లెక్కపెట్టండి. "నాకు ఊట బేడ, పాలు ఇవ్వు" అన్నాడనుకోండి. అది తికమక కాదు. చేతికందిన మాట వాడుకున్నాడు. సంతలో మనం చేసేదీ అదే కదా.

ఇక నా తప్పు. కొన్నేళ్ళ కిందట మా వీధిలో రెండున్నరేళ్ళ పిల్లవాడి తల్లి సలహా అడిగితే, తెలుగు మానేసి కన్నడమే మాట్లాడమన్నాను. ఆమెకు వచ్చిన కన్నడం అంగడి బేరం వరకే. రాత్రిపూట కథలు ఆగిపోయాయి. నాయనమ్మ మనవడితో సైగలకు దిగింది. అలా ఎనిమిది నెలలు గడిచాయి. చివరకు చెవి డాక్టరు చూస్తే, కర్ణభేరి వెనుక నీరు చేరి పిల్లవాడికి మాటలు సరిగా వినబడటం లేదని తేలింది. ఇక ఏ భాష మాట్లాడితే ఏం లాభం?

రెండు భాషలు వినడం వల్ల మాట రాని జబ్బు రాదు. ఏడాది బిడ్డ పేరు పెట్టి పిలిచినా తిరిగి చూడకపోతే, పదహారు నెలలకు ఒక్క మాటా రాకపోతే, రెండేళ్ళకు ఏ భాషలోనూ రెండు మాటలు కలపకపోతే ముందు వినికిడి పరీక్ష చేయించండి. వచ్చిన మాటలు పోతుంటే ఒక్కరోజు కూడా ఆగవద్దు. పెద్ద ఆస్పత్రుల్లో చెవి, ముక్కు, గొంతు విభాగం ఉంటుంది. మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉంది. పరీక్ష జరిగేదాకా, జరిగాక కూడా, మీకు ధారాళంగా వచ్చిన భాషలోనే బిడ్డతో మాట్లాడండి.

వైద్యం తర్వాత ఆ పిల్లవాడికి మాటలు వచ్చాయి. ఇప్పుడు మా బడిలోనే చదువుతున్నాడు. నాతో కన్నడం, ఇంట్లో తెలుగు. నాయనమ్మ మాత్రం నన్ను చూస్తే ఇప్పటికీ ముఖం తిప్పుకుంటుంది.