బిడ్డ కోసం ఎదురుచూపు: మనకు దత్తత కుదరదా?

కుదురుతుంది. మతంతో పనిలేకుండా బాలల న్యాయ చట్టం కింద ఎవరైనా దత్తత తీసుకోవచ్చని 2014లో షబ్నమ్ హష్మీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

'కారా' పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోవాలి, ఇంటి పరిశీలన జరగాలి. ఆ తర్వాతే అసలు నిరీక్షణ. రెండేళ్లలోపు బిడ్డకు పాలు పట్టిస్తే మహ్రమ్ బంధం ఏర్పడుతుందని మనవాళ్లు పసిబిడ్డనే కోరుకుంటారు. పొడవైన క్యూ కూడా అక్కడే, ఏళ్లు పడుతుంది. ఈలోగా ఎవరో ఆస్పత్రి దగ్గర్నుంచి బిడ్డను ఇప్పిస్తామంటారు. నమ్మకండి. డబ్బిచ్చి తెచ్చుకుంటే బిడ్డను కొన్నట్టే, ఐదేళ్ల దాకా జైలు.

ఇక షరీఅత్ సంగతి. సూరా అహ్జాబ్ (33:5) పెంచుకున్న పిల్లల్ని కన్నతండ్రి పేరుతో పిలవమంది, తండ్రి తెలియకపోతే దీనీ సోదరులన్నది. పెంచొద్దనలేదు. షరీఅత్ ప్రకారం విరాసత్ రాదు గానీ, బతికుండగా హిబా ఇవ్వొచ్చు, వసియ్యత్‌లో మూడో వంతు దాకా రాయొచ్చు.