తేలిక కారునకు తగిన బలము



నేటి ప్రసంగమునకు విషయము మోటారు కారు. అంగడిలో సిద్ధముగా దొరకు కారు కాదు. విడిభాగములుగా కొని, ఇంటి వెనుక కొట్టములో ఎవరికి వారు బిగించుకొను చిన్న తేలిక కారు. ఇరువురు మాత్రమే కూర్చుండదగినది, తఱచు పైకప్పైనను లేనిది, కేవలము వేగమునందలి వేడుకకై యేర్పడినది. ఇట్టి కారునకు ఎంత బలముగల యంత్రము తగును? యంత్రశాస్త్రము చదువు యువకులు నలుగురు గుమిగూడిన చోట ఈ ప్రశ్న వినవచ్చును. వారిలో పెక్కురు చెప్పు సమాధానము "దొరికినంత" అని. అది సరికాదని లెక్కతో చూపుటయే నా యుద్దేశము. ఇది వట్టి లెక్కల ముచ్చటయు కాదు. ఆ కారు నడుపువాని ప్రాణమును, ఎదుట వచ్చువాని ప్రాణమును దీనిలో ఇమిడియున్నవి.

ఇట్టి కారులకు పేరు తెచ్చిన దేశము ఇంగ్లండు. కోలిన్ చాప్మన్ అను ఇంజనీరు స్థాపించిన లోటస్ సంస్థ 1957లో 'సెవెన్' అను కారును వెలువరించెను. సిద్ధమైన కారుపై అచట ఆ కాలమున కొనుగోలు పన్ను ఉండెడిది, విడిభాగములపై ఉండెడిది కాదు. కావున పేదవాడైన యువకుడు భాగములను కొని తానే బిగించుకొనెడివాడు. బిగించు విధమును తెలుపు పుస్తకము ఇచ్చినచో పన్ను పడునని, విప్పు విధమును తెలుపు పుస్తకము నిచ్చి, దానిని వెనుకనుండి ముందునకు చదువుకొమ్మనిరని యొక వేడుక కథ చెప్పుదురు. తొలి సెవెన్ కారులలో అమర్చిన ఫోర్డు యంత్రము బలము సుమారు 40 అశ్వబలములు మాత్రమే. అయినను ఆ కారు పందెములలో తన యంత్రబలమునకు మించిన పేరు గడించెను. కారణము దాని తేలికదనము. బలమును పెంచిన కారు తిన్నని బాటలో మాత్రమే వేగము హెచ్చును. బరువును తగ్గించిన కారు ఎత్తున, మలుపున, ఆగుటలో, అంతటను మేలగును. ఇదియే చాప్మన్ నమ్మిన సూత్రము. 1973లో ఆ కారును నిర్మించు హక్కు కేటర్‌హామ్ సంస్థకు సంక్రమించెను.

ఈ సూత్రము మన పురాణ శ్రోతలకు క్రొత్త కాదు. నలోపాఖ్యానమున ఋతుపర్ణ మహారాజు ఒక్క దినములో విదర్భకు పోవలసివచ్చినప్పుడు, బాహుకుని రూపమున నున్న నలుడు కృశించిన గుఱ్ఱములను ఏరి రథమునకు పూన్చెను. రాజు సందేహించెను. పిమ్మట దారిలో రాజు ఉత్తరీయము జాఱిపడి, రథము నాపుమనునంతలో, అది యోజనము దూరము వెనుకబడెను. గుఱ్ఱము బలిసినదా యని నలుడు చూడలేదు. రథమునకు, దారికి, తన చేతికి తగినదా యని చూచెను. మనము చూడవలసినదియు అదియే.

ఇక అశ్వబలమన నేమి? 75 కిలోగ్రాముల బరువును ఒక్క సెకనులో ఒక మీటరు ఎత్తునకు లేవనెత్తగల శక్తిని ఒక అశ్వబలమని లెక్కింతురు. వాహనము సమతలమున ఒకే వేగముతో పోవునపుడు ఈ బలము రెండు అడ్డంకులను త్రోయుటకు వ్యయమగును. ఒకటి చక్రములు నేలపై దొరలుటలోని నిరోధము, రెండవది గాలి. ఎడ్లబండి తోలువానికి గాలి యొక అడ్డంకి యని తోచదు. వేగము పెరిగినకొలది గాలియే ముఖ్య శత్రువగును. వేగము రెట్టింపైనచో గాలి యొత్తిడి నాలుగింతలగును. ఆ యొత్తిడిని రెట్టింపు వేగముతో త్రోయవలయును గనుక, కావలసిన బలము ఎనిమిదింతలగును.

ఒక ఉదాహరణము. కారు బరువు 500 కిలోలు, ఇరువురు మనుష్యులు 150 కిలోలు, మొత్తము 650 కిలోలు అనుకొందము. పైకప్పు లేని కారు గాలిని చక్కగా చీల్చలేదు. అట్టి కారు గంటకు 100 కిలోమీటర్లు పోవుటకు యంత్రమునుండి సుమారు 23 అశ్వబలములు చాలును. 160 కిలోమీటర్లకు 80కి పైగా కావలయును. 200 కిలోమీటర్లకు 150 దాటును. మొదటి నూఱు కిలోమీటర్లకు ఇరువదిమూడు. రెండవ నూఱునకు అంతకు అయిదింతలకు మించి!

ఈ లెక్కకు సాక్ష్యము కేటర్‌హామ్ కారులే. 2013లో ఆ సంస్థ రెండు కారులను ప్రకటించెను. ఒకటి '160' అనునది. 490 కిలోల బరువు, సుజుకి చేసిన 660 ఘనసెంటీమీటర్ల మూడు సిలిండర్ల యంత్రము, 80 అశ్వబలములు, గరిష్ఠ వేగము గంటకు సుమారు 160 కిలోమీటర్లు. రెండవది '620 ఆర్'. 310 అశ్వబలములు, గరిష్ఠ వేగము సుమారు 250 కిలోమీటర్లు. బలము దాదాపు నాలుగింతలు. వేగము ఒకటిన్నర రెట్లు. మిగిలినదంతయు గాలికి సమర్పించిన కానుక.

"గరిష్ఠ వేగము మాకు వలదు, నిలిచినచోటినుండి దుమికెడి చుఱుకుదనము వలయును" అని యువకులు అందురు. అదియు విచారింతము. కారును ముందునకు నెట్టునది చివరకు యంత్రము కాదు. నేలను పట్టిన టైరు. ఒక్కొక్క టైరు నేలను తాకు భాగము ఇంచుమించు అఱచేయంత. మనము చెప్పిన 650 కిలోల కారులో, దుముకునపుడు వెనుక చక్రములపై సుమారు 390 కిలోల బరువు నిలుచును. ఎండిన మంచి తారు బాటపై ఆ చక్రములు దాదాపు అంత బలముతోనే నెట్టగలవు. అంతకు మించిన, అవి ఉన్నచోటనే గిఱ్ఱున తిరుగును. లెక్క కట్టిన, గంటకు 50 కిలోమీటర్ల వేగమువద్ద సుమారు 72 అశ్వబలములకు మించి టైరు స్వీకరింపజాలదు. తడిసిన బాటపై పట్టు సగమగును. అప్పుడు 36 అశ్వబలములే ఎక్కువ. అనగా 80 అశ్వబలముల తేలిక కారు సైతము వాన దినమున, తొందరపడిన పాదము క్రింద, వెనుక భాగము ప్రక్కకు జాఱి తిరుగబడగలదు. మూడు వందల అశ్వబలముల మాట చెప్పనేల?

ఇంకొక సంగతి. బలమును మాత్రమే పెంచుట అను పని లోకమున లేదు. పెద్ద యంత్రము తానే బరువు. దాని త్రిప్పుడుకు తాళుటకు గేరుపెట్టె గట్టిది కావలయును, ఇరుసులు లావగును, చల్లబఱచు నీరు, రేడియేటరు పెరుగును, బ్రేకులు పెద్దవి కావలయును, వీనిని మోయుటకు చట్రము బలియవలయును. ఇట్లు ఒక్కొక్క కిలో మఱొక కిలోను పిలుచుకొని వచ్చి, తేలిక కారు తేలికదనమును మ్రింగివేయును. ముందుభాగము బరువెక్కిన కారు మలుపున తిరుగక తిన్నగా పోజూచును. సవారీ బండికి మోటబావి ఎద్దులను కట్టిన, బండి వేగముగా పోదు, కాడి విఱుగును.

బరువు తగ్గించుటయన బలహీనపఱచుట కాదు. మా చేర్యాల నకాషీ చిత్రకారుల పని చూడుడు. పలుచని ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు పట్టించి ఆరబెట్టుదురు. గుడ్డ బిగిసి, చుట్టి విప్పినను చెడని పటమగును. ఱంపపు పొట్టును చింతగింజల అంబలితో కలిపి చేసిన బొమ్మలు చూపునకు బరువు, చేతికి తేలిక. గాజునారతో నేసిన గుడ్డకు రసాయనపు జిగురు పట్టించి ఈ కారుల పైతొడుగులను చేయుటలోని కిటుకును ఇట్టిదే. గుడ్డ లాగుడుకు ఓర్చును, జిగురు దాని రూపమును నిలుపును. 50 కిలోలు తగ్గించిన మన 500 కిలోల కారునకు, యంత్రమును ముట్టుకొనకయే, బరువునకు తగిన బలము పదింట ఒక వంతునకు మించి పెరిగినట్లగును. పెట్రోలును మిగులును, బ్రేకులును సుఖించును.

ఈ సత్యమును మన కళాశాలల యువకులు అనుభవమున ఎఱుగుదురు. ఎస్.ఏ.ఇ. ఇండియా వారు 2007 మొదలుగా నడిపిన బాహా పోటీలలో పెట్రోలు బండ్లకెల్ల ఒకే తీరు యంత్రము నిర్ణయించిరి. దాని బలము సుమారు 10 అశ్వబలములు. యంత్రము అందఱికిని సమానమైనపుడు గెలుపు దేనిలో నున్నది? బరువులో, చట్రములో, గేరులో, నడుపువాని నేర్పులో. హైదరాబాదున బహదూర్‌పురాలోని సుధా కార్ల ప్రదర్శనశాలలో కన్యబోయిన సుధాకర్‌గారు చేతితో చేసిన వంకాయ కారును, చెప్పు కారును చూచినవారెల్లరు ఒక విషయము గమనింతురు: వినోదమునకై మెల్లగా నడువవలసిన వాహనమునకు చిన్న యంత్రమే చాలును. పనిని బట్టి బలము. బలమును బట్టి పని కాదు.

సంఖ్యను చదువుటలోను ఒక మోసము కలదు. అశ్వబలమనగా త్రిప్పుబలమును, నిమిషమునకు తిరుగు చుట్ల సంఖ్యను గుణించగా వచ్చునది. నూఱు అశ్వబలముల మోటారు సైకిలు యంత్రము ఆ నూఱును పది వేల చుట్లవద్ద చూపవచ్చును; నూఱు అశ్వబలముల కారు యంత్రము ఆఱు వేలవద్దనే చూపవచ్చును. మన బాటలపై యంత్రము ఎక్కువ కాలము రెండు మూడు వేల చుట్లవద్దనే తిరుగును. అచట రెండవదానికే పట్టు ఎక్కువ. కావున కొనువాడు ఆ పెద్ద సంఖ్యను కాక, ఏ చుట్లవద్ద ఎంత త్రిప్పుబలము వచ్చునో అడుగవలయును.

ఇక ఆగుటను గూర్చి. వేగము రెట్టింపైనచో, బ్రేకులు హరింపవలసిన శక్తి నాలుగింతలు. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు కారు, చూచినవాడు తెలివి తెచ్చుకొని పాదము మోపుటకు ఒక సెకను కలుపుకొని, మంచి బాటపై సుమారు 37 మీటర్లలో ఆగును. 120 వేగమున 114 మీటర్లు కావలయును. సిద్దిపేటనుండి చేర్యాల మీదుగా జనగామకు పోవు త్రోవను తలచుకొనుడు. సంక్రాంతినుండి ఉగాదివఱకు ఆదివారములందు కొమురవెల్లి మల్లన్న జాతరకు జనము బండ్లపైనను నడచియు పోవుదురు. మలుపు తిరుగగానే గొఱ్ఱెల మంద, చంకన బిడ్డ, తలపై బోనపు కుండ. ఆ త్రోవలో 114 మీటర్లు ఖాళీగా దొరకునా? రెండు వందల అశ్వబలముల యంత్రము అక్కడ చేయు పని యేమి?

అధిక బలమునకు చోటు వేఱుగ నున్నది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగరు ఒడ్డున ఫార్ములా-ఇ విద్యుత్ కారుల పందెము జరిగెను. నడుపువానితో కూడ సుమారు 850 కిలోల ఆ కారులు అత్యధికముగా 350 కిలోవాట్లను, అనగా దాదాపు 470 అశ్వబలములను చూపగలవు. కాని ఆ దినమున బాట మూసివేయబడెను; ఇరువైపుల అడ్డుగోడలు నిలిచెను; నడుపువారు జీవితమంతయు అదే విద్య నేర్చినవారు. బలమునకు హద్దు గీచిన పిమ్మటనే బలమును విడిచిరి.

చట్టమును మఱువరాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనలలో 126వదాని ప్రకారము, వాహనపు నమూనా నియమిత పరీక్షా సంస్థలో నెగ్గవలయును. 1988 నాటి చట్టము 52వ సెక్షను, తయారీదారు నిర్ణయించిన మూలరూపమునకు భిన్నముగా వాహనమును మార్చుటను నిషేధించుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని గట్టిగా సమర్థించెను. కావున ఇంటివద్ద బిగించిన కారును అనుమతి లేక ప్రజల బాటపైకి తేరాదు. శ్రీపెరుంబుదూరు సమీపమునందలి ఇరుంగాట్టుకోట్టై వంటి పందెపు బాటలే దానికి స్థానము.

కావున నా సమాధానము వినుడు. 500 కిలోల లోపు తేలిక కారునకు, నేర్చుకొనువానికి 60 మొదలు 80 అశ్వబలములు చాలును. 1983లో వెలువడిన తొలి మారుతి 800 కారు సుమారు 650 కిలోల బరువును 40కి లోబడిన అశ్వబలములతో నలుగురితో కూడ లాగెను. దానికి ప్రతి నూఱు కిలోలకు ఇంచుమించు ఆఱు. మన కారునకు 80 అయినచో పదునాఱు. వేడుకకు ఇది కొఱత కాదు. చేయి తిరిగి, పందెపు బాటపై కొన్ని యేండ్లు నడిపినవాడు 120వఱకు పోవచ్చును. అప్పుడు టైర్లను, బ్రేకులను ముందు మార్చి, యంత్రమును పిదప ముట్టవలయును. అంతకు మించినది పందెగాని సొత్తు.

డబ్బు వ్యయము చేయు వరుసయు ఇదియే: మొదట బ్రేకులు, పిదప టైర్లు, పిదప నడుపు విద్య, పిదప బరువు తగ్గించుట, అన్నిటి కడపట యంత్రము. ఈ వరుసను తలక్రిందులు చేసినవాని కొట్టములో గొప్ప యంత్రము మిగులవచ్చును. దానిని నడుపువాడు మిగులునో లేదో చెప్పజాలము. యువకులైన శ్రోతలు ఈ లెక్కలను కాగితముపై మఱల తామే వేసి చూతురుగాక.